ఎగ్మూరులో ఏనుగు బొమ్మ

డిసెంబరు సెలవుల్లో మనవరాలిని వెంటబెట్టుకుని తిరువళ్ళూరులో లోకల్ బండి ఎక్కాను. మా మణవాళనగర్ నుంచి స్టేషను నడక దూరమే. చూడబోయేది 1851లో వెలసిన ఎగ్మూరు మ్యూజియం. (శుక్రవారం మూసి ఉంటుంది, చూసుకుని వెళ్ళండి.)

పిల్ల చదువంతా తమిళం, ఇంగ్లీషు. నేను దాచిన పాత చందమామల్లో శంకర్ గారు వేసిన విక్రమార్కుణ్ణి కళ్ళప్పగించి చూస్తుందే గాని, కింద ఒక్క ముక్క చదవలేదు. నాకది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

అమరావతి శిల్పాల దగ్గర ఆగిపోయాం. మన గుంటూరు సీమ రాళ్ళు, సుమారు 1800 ఏళ్ళ నాటివి. గుండ్రటి పలకలో నాలాగిరి కథ: మదించిన ఏనుగు వీధిలో బీభత్సం చేస్తోంది. ఆ పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైనుంచి జనం తొంగి చూస్తున్నారు.

"ఏనుగులు రెండా, తాతా?" అంది. నేను నోరు తెరిచేలోగా తనే, "కాదులే, ఒకటే. ముందు కోపం, తర్వాత దండం!" అంది.

ఇలాంటివి లండనులోనూ చాలా ఉన్నాయన్నాను. "ఎందుకు తీసికెళ్ళారు?" అని నిలదీసింది. ఏం చెప్పను?

తిరుగు బండిలో ఆవడి దాటాక అడిగింది: "ఇంటికెళ్ళి చందమామ తీస్తావా? నువ్వు చదువు, నేను వేలు పెట్టి చూస్తా."