తుపాకీకి ముసుగు

మా హైదరాబాద్ కార్వాన్‌లో పెళ్లి బారాత్ అంటే మర్ఫా డప్పుల మోత. ఒక్కోసారి ఆ ఊపులో ఎవరో తల్వార్ తిప్పుతారు. అలాంటి వీడియో ఒకటి చూసి టెక్సస్‌లో ఉండే మా బావమరిది నవ్వాడు. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు చాలామంది లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. బయటికి కనబడితే మాత్రం ఒరలో ఉండాలి. రాష్ట్రం దాటితే రూలు మారిపోతుంది.

మనకు ఆ తకరారు లేదు. 1959 ఆయుధ చట్టం దేశమంతటికీ ఒకటే. తల్వార్ తిప్పిన కుర్రాళ్ల మీదా పోలీసులు దాని కిందే కేసు పెడుతుంటారు. ఇక తుపాకీ సంగతికొస్తే, 2016 నిబంధనల ప్రకారం లైసెన్స్ ఉన్నా రోడ్డు మీద దాన్ని పూర్తిగా కప్పి ఉంచాలి. నలుగురిలో తీసి ఝళిపించకూడదు. పెళ్లి సంబరంలో ప్రాణాల మీదికి తెచ్చేలా కాలిస్తే 2019 సవరణతో రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

నాకైతే మన పద్ధతే నచ్చింది. నడుముకి పిస్టల్ కనిపించే మనిషి పక్కన నిలబడి ఇరానీ చాయ్ ఎవడు తాగుతాడు భయ్?