మధ్యలో మా ఊరు

హైదరాబాదు నుంచి మా బావ ఫోన్ చేశాడు. పిల్లలకు సెలవులట. మద్రాసు చూసుకుని బెంగళూరు పోవాలట. "విమానమా, రైలా, కారా? రైలుకట్ట పక్కన పుట్టినవాడివి, నువ్వే చెప్పు" అన్నాడు.

రైలుకట్ట పక్కన పుడితే రైళ్ల సంగతి తెలుస్తుందా? మా గుడుపల్లెలో ఆగేవి ప్యాసింజర్లు. పెద్ద బండ్ల గురించి మాకు తెలిసిందల్లా అవి పోయేటప్పుడు మొహాన కొట్టే గాలి, గేటు పడితే అటూ ఇటూ నిలిచిపోయే మోటార్‌సైకిళ్లు, పాలక్యాన్లు. వందేభారత్ అయితే కిటికీల్లో మనుషులున్నారో లేదో కూడా తెలియనీయదు.

అయినా పెద్దమనిషి అడిగాడు కదా అని లెక్కలు వేశాను. విమానం గాల్లో ఉండేది గంటే. ముందుగా పోయి పడిగాపులు కాయడం, దిగాక దేవనహళ్లి నుంచి ఊళ్లోకి రావడం కలుపుకుంటే వందేభారత్ నాలుగున్నర గంటలకూ దీనికీ పెద్ద తేడా రాదు. కృష్ణగిరి, హోసూరు మీదుగా హైవే ఉంది. లారీల వెనకభాగాలు చూడ్డం ఇష్టమైతే అదీ మంచిదే.

ఏ దారిన పోవాలన్న తర్జనభర్జన మా వైపు కొత్తది కాదు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలీసు దొరకూ ఇదే వచ్చిపడింది. మద్రాసు కుంఫిణీది, బెంగళూరు కోట టిప్పు సుల్తానుది, నడుమ కనుమలు. వేలూరు దాకా వచ్చిన దొర, ఆంబూరు వైపు నుంచి ఎక్కబోతున్నట్టు హడావుడి చేశాడు. టిప్పు చూపు అటు తిరిగింది. దొర ఉన్నట్టుండి ఉత్తరానికి మళ్లి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కేసి పలమనేరు వైపు తేలాడు. కోలారు, హొసకోట దాటి మార్చి 21న బెంగళూరు కోట పట్టాడు. ఇప్పటికీ మొగిలి ఘాటులో బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే నాకు ఆ ఫిరంగులు లాగిన ఎద్దులే గుర్తొస్తాయి. దొర తెలివి సరే, వాటి మెడలేమయ్యాయో!

తమాషా ఏమంటే, దొర ఉత్తుత్తిగా చూపించిన ఆంబూరు దారే తరవాత రైలుకు అసలు దారయింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు బండి నడిచింది. ఆంబూరు, వాణియంబాడి, జోలార్‌పేట, అక్కణ్ణించి పైకెక్కి మల్లానూరు, కుప్పం, ఆ తరవాత మేము. మొగిలి దారి బస్సులకు, లారీలకు మిగిలింది. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే కూడా చిత్తూరు, పలమనేరు, వి.కోట మీదుగానే. దొర ఎక్కిన దారి టైర్లకు, టిప్పును ఏమార్చిన దారి పట్టాలకు.

బావకు బృందావన్ ఎక్స్‌ప్రెస్ చెప్పాను. 1964లో మొదలైన కొత్తల్లో అది మధ్యలో ఎక్కడా ఆగేది కాదట. వయసొచ్చాక మనుషుల్లాగే దానికీ నాలుగు ఊళ్లతో పలకరింపులు పెరిగాయి. పొద్దున బయల్దేరుతుంది, వెలుతురుంటుంది, పిల్లలు కిటికీ దగ్గర కొట్లాడుకోవచ్చు. సముద్రం పక్క నుంచి మూడు వేల అడుగుల ఎత్తుకు చేరాల్సిన బండి అది. ఆ ఎక్కుడు జోలార్‌పేట దాటాక తెలుస్తుంది. గుండ్రాళ్ల గుట్టలు దగ్గరికొస్తాయి. చొక్కాకు అంటుకున్న మద్రాసు చెమట కుప్పం చేరేసరికి ఆరిపోతుంది. చుట్టూ మాటలు కూడా మారిపోతాయి. అరవం, తెలుగు, కన్నడం, మూడూ గంటన్నరలోపే.

ఆ చల్లగాలితోనే ప్రమాదం. ఒకసారి మద్రాసు నుంచి వస్తూ జోలార్‌పేటలో టీ తాగి, కుప్పంలో దిగాల్సినవాణ్ణి కునుకు తీశాను. కళ్లు తెరిస్తే బంగారుపేట! తప్పు నాదే కాబట్టి తిట్టుకోవడానికి ఎవరూ దొరకలేదు. ఆ ఊరి పానీపూరీలో నీళ్లు మంచినీళ్లలా తేటగా ఉంటాయి, నోట్లో పడ్డాకగాని కారం తెలియదు. రెండు ప్లేట్లు తిని, కళ్లు తుడుచుకుని, వెనక్కొచ్చే ప్యాసింజరెక్కి తిన్నగా మా ఊళ్లోనే దిగాను. కుప్పంలో దిగి ఆటో కోసం బేరమాడే పని తప్పింది. మా ఆవిడకు మాత్రం బండి లేటని చెప్పాను.

బావ నా మాట విన్నాడు. కుప్పం దాటుతూనే ఫోన్ చేస్తానన్నాడు. పిల్లలకు చెయ్యూపుదామని ముందే పోయి గేటు దగ్గర నిలబడ్డాను. ఫోన్ రాలేదు, బండి వచ్చింది. పెట్టెలన్నిటికీ కలిపి చెయ్యూపాను. దుమ్ము సర్దుకున్నాక మోగింది ఫోను.

"మీ ఊరు చూశాంలే! గొర్రెల మంద, గేటు, ఎర్రచొక్కా వేసుకుని నువ్వు. పిల్లలు తెగ చేతులూపారు!"

నేను వేసుకున్నది తెల్లచొక్కా. పక్కన చూస్తే ఎర్రచొక్కా గొర్రెల కాపరి, పోయిన బండి వైపు ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.