నాన్న లూనా

మా నాన్నగారి లూనా మా పెరట్లో రేకుల కింద ఐదేళ్ళుగా పడుందండీ. ఉప్పాడ చీరల మూటలు వెనక కట్టుకుని, కొత్తపల్లి మీదుగా పిఠాపురం దాకా ఆయన తిరిగిన బండి అది. లూనాలు మన దేశంలో 1972లోనే వచ్చాయట. నాన్న కొన్నది చాలా ఏళ్ళ తరవాత, సెకండ్‌హ్యాండ్‌లో. 50 సీసీ ఇంజనే గానీ మా ముగ్గురి చదువులూ లాగింది.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక నాన్న మా ఇంటికొచ్చేశారు. మాటలు బాగా తగ్గిపోయాయి. మొన్న పాత ఇనుము కొనేవాడు వస్తే, మావారు "చోటైనా కలిసొస్తుంది, ఇచ్చేద్దామా మావయ్యగారూ" అన్నారు. నాన్న ఏమీ అనలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం బండి బయటికి లాగాను. పాత పెట్రోలు తీసేసి, ఆయిల్ కలిపిన కొత్తది పోశాను. పెడల్ ఎంత తొక్కినా ఉలుకూ పలుకూ లేదు. అరుగు మీంచి నాన్న గొంతు వినిపించింది.

"ప్లగ్గు విప్పమ్మా."

చిన్నప్పుడు నేను స్పానర్ పట్టుకుంటే "నీకెందుకే, చేతులు పాడైపోతాయి" అని తమ్ముడి చేతికిచ్చిన మనిషండీ ఆయన!

ప్లగ్గు మసిబారి, జిడ్డుగా ఉంది. టోపీ తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను లోహానికి ఆనించి, రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరికి దూరంగా ఉంచి, మా అబ్బాయిని పెడల్ తొక్కమన్నాను. సన్నగా, పసుపుగా ఓ మెరుపు వచ్చింది.

"అది చాలదు. నీలంగా రావాలి, టక్కుమని వినపడాలి" అన్నారు.

కొత్త ప్లగ్గు పెట్టినా అంతే. ప్లగ్గు వైరు కొసకి చిలుం పట్టింది. కాస్త కత్తిరించి మళ్ళీ బిగిస్తే కొంచెం నయం. "జబ్బు లోపలుంది. మాగ్నెటో మూత తియ్యి."

చక్రం సందులోంచి పాయింట్లు చూపించారు. చక్రంలోని అయస్కాంతాలు తిరిగితే కాయిల్లో కరెంటు పుడుతుందట. పాయింట్లు విడిపోయిన క్షణంలో అది తెగి, వేల వోల్టులై ప్లగ్గు దగ్గర దూకుతుందట. మన ఉప్పుగాలికీ, ఐదేళ్ళ మా నిర్లక్ష్యానికీ ఆ పాయింట్ల మీద మచ్చలు పడ్డాయి. అవి సరిగ్గా కలవకపోతే కరెంటు పారదు, నిప్పు రాదు.

సన్న ఎమరీ ముక్క తీసుకుని ముందు ఆయనే ప్రయత్నించారు. చెయ్యి నిలవలేదు. కాసేపు చూసుకుని, ముక్క నా చేతిలో పెట్టేశారు.

"మెల్లగా. బియ్యంలో రాళ్ళేరినట్టు."

రుద్ది, శుభ్రమైన గుడ్డతో పొడి తుడిచాను. మెకానిక్ షెడ్డు నుంచి ఫీలర్ గేజి తెప్పించి, పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పుడు 0.4 మిల్లీమీటర్ల సందు ఉండేలా సరిచేశాను. మళ్ళీ చూస్తే, నీలం మెరుపు! టక్కుమంది కూడా.

ప్లగ్గు బిగించి నాలుగుసార్లు తొక్కితే బండి అందుకుంది. పెరడంతా పొగ. మావారు పరిగెత్తుకొచ్చారు. పాత ఇనుము మాట మళ్ళీ ఎత్తలేదు.

నాన్న కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. పొగుడుతారేమోనని ఎదురుచూశాను.

"ఆయిల్ ఎక్కువ పోశావు" అన్నారు. తరవాత, చాలా రోజులకి, తనంతట తానే కాఫీ అడిగారు.