ఓటు లేనివాళ్ల అపాయింట్‌మెంట్లు

2019 వసంతంలో డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లం కొందరం సెలవు రోజుల్లో ఒకరింట్లో చేరి, ఎవరు ఏ కాంగ్రెస్ నియోజకవర్గంలో ఉంటున్నారో రాసుకునేవాళ్లం. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితిని ఎత్తేసే బిల్లు, హెచ్.ఆర్. 1044, అప్పుడు ప్రతినిధుల సభలో ఉంది. దానికి మద్దతు అడగడానికి మా సభ్యులను కలవాలని మా ఆలోచన. ఆ కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. భార్యాబిడ్డలూ ఆ లెక్కలోకే వస్తారు. ఈ పరిమితులు 1990లో చేసిన చట్టంలోవి. ఆ తర్వాత మనవాళ్లు ఎంతమంది వచ్చినా ఆ అంకెలు మారలేదు, గ్రీన్‌కార్డు వరస మాత్రం పెరుగుతూ పోయింది.

"మనకు ఓటే లేదు కదన్నా, మన మాట ఎవరు వింటారు?" అన్నాడు ఓ తమ్ముడు. జనగణనలో మనల్నీ కలుపుకునే నియోజకవర్గాలు గీస్తారని, ప్రభుత్వానికి మొర పెట్టుకునే హక్కు రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉందని చెప్పాను. సభ్యుల ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్లు చూసే షెడ్యూలర్లు కూడా మమ్మల్ని అడిగింది పేర్లు, చిరునామా, జిప్ కోడ్, వచ్చే పనేమిటన్నదీ. పౌరులా కాదా అని ఎవరూ అడగలేదు.

ఒక్కో సమావేశానికి నలుగురం. ఇద్దరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, ఒకరు టైము చూసుకోవాలి. చేతికిచ్చే కాగితం ఒకే పేజీ. అడిగేది ఒక్కటే: బిల్లుకు కో-స్పాన్సర్‌గా చేరండి. ఇంట్లోనే గడియారం పెట్టుకుని చెప్పి చూసుకున్నాం.

వాషింగ్టన్‌లో మా సభ్యుడితో అపాయింట్‌మెంటు, ప్రతినిధుల సభ సభ్యుల ఆఫీసులుండే లాంగ్‌వర్త్ భవనంలో. మేం లోపలికి వెళ్లేసరికి ఓటింగ్ గంటలు మోగాయి. సభ్యుడు సభకు వెళ్లిపోయారు. మా ముందు కూర్చున్నది ఇమ్మిగ్రేషన్ విషయాలు చూసే సహాయకురాలు, పాతికేళ్లు ఉంటాయేమో. మాలో కొందరి మొహాలు చిన్నబోయాయి. కానీ బిల్లు చదివి, సభ్యుడికి నోట్ రాసిపెట్టేది ఆ అమ్మాయే.

నేను అంకెలు చెబుతుంటే తలూపుతూ రాసుకుంది. తర్వాత మాతో వచ్చిన అక్క మాట్లాడింది. మూడేళ్లప్పుడు ఈ దేశానికి వచ్చిన కొడుక్కి 21 నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోతుందని, వాడికి తెలిసిన ఊరు ఇదొక్కటేనని చెప్పింది. సహాయకురాలు పెన్ను ఆపింది. "ఏ నెలలో నిండుతాయి?" అని అడిగి, ఆ నెల రాసుకుని కింద గీత గీసింది. సభ్యుడు తిరిగొచ్చాక గుమ్మం దగ్గరే నిలబడి, ముందుగా ఆ అబ్బాయి గురించే అడిగారు. అంకెల కాగితం ఆయన చేతిలో మడిచే ఉంది.

ఆ రాత్రే కృతజ్ఞతలు చెబుతూ మెయిలు పంపాం. ఆ తర్వాత మా ఊళ్లో ఉన్న ఆయన ఆఫీసుకూ వెళ్లాం. మాలాంటి బృందాలు చాలా రాష్ట్రాల నుంచి ఇలాగే తిరిగాయి. 2019 జూలై 10న బిల్లు 365-65 ఓట్లతో ప్రతినిధుల సభలో గెలిచింది. ఆ సాయంత్రం ఫోనులో అక్క ఏడుస్తూనే నవ్వింది.

సెనేట్ తన బిల్లును మార్పులతో 2020 డిసెంబరు 2న ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు సభల బిల్లులూ ఒకటి కాలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు మురిగిపోయింది. అక్క కొడుకు స్టూడెంట్ వీసాకు మారాడు.

అయినా ఆ తిరుగుడు వృథా అని నేననను. ఓటు హక్కు లేని మన ఇళ్ల గోడు 365 ఓట్లదాకా నడిచింది, ఎదురుగా కూర్చుని చెప్పినవాళ్లు ఉండబట్టే. ప్రతి సభ్యుడికీ సొంత నియోజకవర్గంలో ఆఫీసు ఉంటుంది. అపాయింట్‌మెంటు అడగండి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి, మీ ఇంటి సంగతి మీ నోటితోనే చెప్పండి.