బందరు పెట్టెలోని ఫిడేలు

మచిలీపట్నం
సోమవారం రాత్రి

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. అత్తయ్య మోకాళ్ల నొప్పితోనే నాకోసం వీధి అరుగు మీద కూర్చుని ఉంది. భోజనాలయ్యాక అటక మీంచి తాతయ్య ఫిడేలు పెట్టె దించాం. బాబాయి చెప్పింది నిజమే, లోపల చీటీ ఉంది. ఎఫ్ ఆకారపు సందులోంచి టార్చి వేస్తే అక్షరాలు కనపడ్డాయి: ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమొనెన్సిస్, ఫేసియెబాట్ అన్నో 1721. ఇటలీలోని క్రెమొనా ఊళ్లో ఆయన 1721లో చేశాడని దాని భావం.

కోట్ల మాట బాబాయి చెవిన ఎలా పడిందో కూడా అర్థమైంది. స్ట్రాడివేరియస్ సరిగ్గా 1721లోనే చేసిన ‘లేడీ బ్లంట్’ అనే వయొలిన్ 2011లో కోటీ యాభై తొమ్మిది లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ఆ డబ్బు జపాను సునామీ బాధితులకు ఇచ్చారు. 1864 నవంబరులో ఒక్క రాత్రి సముద్రం మీదపడి వేలమందిని తీసుకుపోయిన ఊళ్లో కూర్చుని ఈ సంగతి తలుచుకుంటే, ఆ వేలం మీద నాకు గౌరవం కలిగింది.

కానీ మన చీటీని నమ్మకండి. స్ట్రాడివేరియస్ 1737లో పోయాడు. ఆయన జీవితమంతా చేసిన వాద్యాలు సుమారు 1,100. మిగిలినవి 650 దాకా. వాటిలో చాలావాటికి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో రాతపూర్వకమైన చరిత్ర ఉంది. ఆయన పేరున్న చీటీలు మాత్రం పందొమ్మిదో శతాబ్దం నుంచి జర్మనీలో, ఫ్రాన్సులో లెక్కలేనన్ని అచ్చయ్యాయి. ఆయన నమూనాలో చేశామని చెప్పడానికి వేసినవే వాటిలో ఎక్కువ. 1891 నుంచి అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు వేయాలన్న చట్టం వచ్చింది కాబట్టి కొన్నింటి అడుగున ‘జర్మనీ’ అని ఉంటుంది. మనదాని మీద లేదు. లేనంతమాత్రాన అది అంతకన్నా పాతదని చెప్పలేం, అమెరికాకు పోని సరుకు అయినా కావచ్చు.

పేరు కాగితం మీద ఉంది, పుట్టుక చెక్కలో ఉంటుంది. రేపు గుడివాడ తీసుకెళ్లి చూపిస్తాను.

గుడివాడ
మంగళవారం

పెడన మీదుగా రైల్లో వచ్చాను. దారి పొడుగునా పెట్టె ఒళ్లోనే పెట్టుకున్నాను. ఇక్కడి ఫిడేలు మాస్టారు హరికథలకు, పెళ్లి కచేరీలకు వాయించినవారు. మరమ్మతులూ చేస్తారు. ఆయన చీటీ వంక చూడనే లేదు. ముందు ఫిడేలు తల పట్టుకున్నారు. మెలి తిరిగిన ఆ తల వెనక భాగంలో చెక్కిన గాడి గడ్డం కిందిదాకా పోకుండా మధ్యలోనే ఆగింది. తర్వాత పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి దించి నాకూ చూపించారు. నాలుగు మూలల్లో పక్క చెక్కలను పట్టి ఉంచాల్సిన దిమ్మలు లేవు. పై పలక లోపల మంద్రపు తీగ కింద నిలువునా ఉండే బద్దను విడిగా చేసి అతికించలేదు, పలకలోంచే చెక్కేశారు.

ఈ మూడు గుర్తులూ కలిస్తే అది జర్మనీలో శాక్సనీలోని మార్క్‌న్యూకిర్ఖెన్, దాని పక్కనే బొహీమియాలోని షోన్‌బాఖ్ ప్రాంతపు పని. అక్కడ ఒక ఇంట్లో తలలు, ఇంకో ఇంట్లో పలకలు చెక్కేవారు. టోకు వ్యాపారులు అవన్నీ కూర్పించి డజన్ల లెక్కన ప్రపంచమంతా పంపేవారు. మనది సుమారు 1900 ప్రాంతపుదని మాస్టారి అంచనా. ఇలాంటివి యూరపులో మామూలుగా కొన్ని వందల యూరోలకు దొరుకుతాయి.

బాబాయికి ఈ కబురు మీరే మెల్లిగా చెప్పండి. అయితే ఒక మంచి సంగతీ ఉంది. ధరను బాగా పడగొట్టేది వెనక పలక మీద, లోపలి నిలువు కర్ర ఆనే చోట వచ్చే పగులు. మనదానికి అది లేదు. పై పలక మీద చిన్న పగులు, పక్కన ఊడిన అతుకు, అంతే. ఆ అతుకునే ఎవరో ఎరాల్డైట్‌తో అంటించారు. మాస్టారికి దాన్ని చూస్తే బాధ కలిగింది. నాకూ కలిగింది.

అవనిగడ్డ
గురువారం

పులిగడ్డ వంతెన దాటి దివిసీమలోకి వచ్చాను. మాస్టారు పంపిన చిరునామా ప్రకారం ఒక పెద్దాయన్ని కలిశాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్లింట్లో ఫిడేలు నీళ్లలో నాని పలకలు పలకలుగా విడిపోయిందట. ఫిడేలు అతికేది జంతువుల చర్మం కాచి తీసిన జిగురుతో; తడికి, వేడికి వదిలేస్తుంది. వదిలింది కాబట్టే చెక్క చీలకుండా మిగిలింది, మళ్లీ అతికించుకుని ఇరవై ఏళ్లు వాయించారు. ఎరాల్డైట్ అయితే అతుకు పట్టుకునే ఉంటుంది, చెక్కే చీలుతుంది. మన ఫిడేలుకు ముందు చేయాల్సింది ఆ ఎరాల్డైట్‌ను ఓపికగా గీకి తీయించడం.

ఆయనతో కలిసి పెదకళ్లేపల్లి వెళ్లాను. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు ఈ ఊరి సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన దగ్గర చదువుకున్నవారు కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పాటా ఫిడేలూ రెండూ వచ్చిన పంతులుగారి దగ్గరే బాలమురళీకృష్ణ, అన్నవరపు రామస్వామి తయారయ్యారు. తాతయ్య ఫిడేలు పట్టింది ఈ గాలిలోనే. శాక్సనీ పల్లెల్లో అంగడి సరుకుగా పుట్టిన చెక్క మన నేల మీద స-ప-స-ప స్వరాలకు శ్రుతి చేయించుకుని, తల చీలమండ మీద ఆనించుకుని త్యాగయ్య కీర్తన వాయించింది. తల అంచున వార్నీష్ అరిగిపోయిన మచ్చ ఉంది చూడండి, అది తాతయ్య పాదం రాపిడి. దాన్ని మళ్లీ పాలిష్ పట్టించనివ్వను.

అందుకని నా మనవి: సర్టిఫికెట్లకు డబ్బు పెట్టొద్దు, మరమ్మతుకు పెడదాం. చీటీ కూడా పీకించొద్దు, అదీ దాని చరిత్రే. కమానుకు వెంట్రుకలు, బ్రిడ్జి, తీగలు కొత్తవి వేయించాలి. చెల్లాయి కూతురికి పన్నెండేళ్లు వచ్చాయి, పూర్తి సైజు ఫిడేలు చేతికి అందుతుంది. అత్తయ్య ఒప్పుకుంది, ఫిడేలు దానికి ఇవ్వమంటోంది. మీరు సరేనంటే శనివారం గుడివాడలో మాస్టారికి అప్పగించి వస్తాను.

మీ అమ్మాయి