ఉప్పునీటిలో నురగ

తెల్లవారుజామున మూడున్నరకే లేచి మేకల పాలు తీశాం. ఆ రోజు జూన్ 13. సముద్రంలో వేట నిషేధం తీరడానికి ఇంకొక్క రోజే ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరం పొడవునా మరబోట్లు వేటకు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. 14 అర్ధరాత్రి దాటిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇంజన్లు మోగుతాయి. పెద్ద బోటు ఒకసారి వెళ్తే పది పదిహేను రోజులకు గానీ ఒడ్డు చూడదు. మేం కొత్తగా చేసిన సబ్బు ఉప్పునీటిలో నురగ ఇస్తుందో లేదో ఆలోగా తేలాలి.

మాది పద్మనాభం మండలంలో గోస్తనీ నదికి దగ్గరలో ఓ చిన్న పల్లె. అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుట్టి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది గోస్తనీ. ఆ పేరుకు ఆవు పొదుగు అని అర్థం. ఆ నది నీళ్లు తాగే మా ఇల్లు మాత్రం తాతల నాటి నుంచీ మేక పొదుగు మీదే బతికింది. ఇప్పుడు దొడ్డిలో ఇరవై రెండు ఆడమేకలున్నాయి. ఎక్కువ మన నాటు నల్లమేకలే. నాలుగింటికి మాత్రం జమునాపారి పోతు పోలిక వచ్చి చెవులు మెడ దాకా వేలాడతాయి.

మేకల పెంపకంలో డబ్బు కంటబడేది పోతుపిల్లల్ని అమ్మినప్పుడే. అయిదు నెలలు చూలు మోసి ఈనిన తల్లి పాలు ముందు పిల్లలకే. పిల్లలు తాగగా మిగిలినవి రోజుకు నాలుగైదు లీటర్లు. మా ఊరి పాలకేంద్రంలో ఆవుపాలు, గేదెపాలు తప్ప పోయించుకోరు. చంటిపిల్లల కోసం అడిగేవాళ్లకు ఇవ్వగా మిగిలిన పాలు ఏం చెయ్యాలో తోచక అమ్మ మజ్జిగ చేసేది. అలా వృథా అయ్యే పాలే ఆరేళ్ల కిందట నన్ను సబ్బు వైపు తిప్పాయి.

మొదటిసారి చేసిన సబ్బు తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అప్పుడే తీసిన పాలు సత్తు గిన్నెలో పోసి, అందులో కాస్టిక్ సోడా గుమ్మరించాను. పాలు బుసబుసా పొంగి, పసుపై, గోధుమరంగై, మాడిన కంపు కొట్టాయి. గిన్నె అడుగు నల్లబడి చిల్లులు పడింది. సోడాకు అల్యూమినియం అంటే పడదని, అది లోహాన్నే తినేస్తుందని తర్వాత తెలిసింది. పాలలోని చక్కెర వేడికి మాడుతుందని కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఇప్పుడు పాలు తీయగానే వడగట్టి, ఐస్ ట్రేలలో పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తాం. ఆ పాలగడ్డలు స్టీలు గిన్నెలో వేసి, సోడా చిటికెలు చిటికెలుగా చల్లుతూ కర్రగరిటెతో తిప్పుతాం. గడ్డలు కరుగుతాయి గానీ గిన్నె వేడెక్కదు. రంగు వెన్నలా నిలిచి ఉంటే పని కుదిరినట్టే. ఆ తర్వాత నూనె కలిపి, చిక్కబడ్డాక అచ్చుల్లో పోసి, కోసి, గాలి తగిలే అటక మీద ఆరు వారాలు ఆరబెడతాం.

పోతును మాత్రం దూరంగా వేరే పాకలో కడతాం. దాని వాసన పాలకు పట్టిందంటే సబ్బు నిండా అదే వాసన. మేకపాల కొవ్వులోని మూడు ఆమ్లాలకు శాస్త్రజ్ఞులు కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని పేర్లు పెట్టింది కూడా మేకను బట్టే. లాటిన్‌లో కాప్రా అంటే మేక.

అయిదు గంటలకు మామయ్య ట్రాలీ ఆటో వచ్చింది. రెండు పెట్టెల్లో మామూలు సబ్బులు, విడిగా ఒక గుడ్డసంచిలో పన్నెండు కొత్తవి. గుమ్మం దగ్గర నాన్న కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇల్లు దాటి కదలడు. ఒకప్పుడు ఇదే దారిలో పోతుల్ని తోలుకుని హార్బర్ దాకా నడిచేవాడు. గంగమ్మ పండక్కి జాలరి పేటల్లో మేకపోతులు కావాలి. భీమిలి మీదుగా సముద్రం పక్కనే రెండు పగళ్లు నడక. పోతుల్ని అమ్మి, మెడలోని పలుపులు విప్పుకుని ఇంటికి తెచ్చేవాడు. జీవాన్ని ఇచ్చినా పలుపు ఇవ్వకూడదని మా ఇంటి ఆనవాయితీ. పలుపు పోతే దొడ్డి పోతుందంటారు. ఆ పలుపులు ఇప్పటికీ మా వసారాలో కొయ్యకు వేలాడుతూ ఉంటాయి.

తగరపువలస దాటి భీమిలి చేరేసరికి తూర్పు ఎర్రబడింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది. అక్కణ్నుంచి కుడిచేతి వైపు ఎర్రమట్టి దిబ్బలు, ఎడమచేతి వైపు నీళ్లు. మంగమారిపేట దగ్గర తెప్పలు ఒడ్డున వరసగా ఉన్నాయి. పైన తొట్లకొండ. బౌద్ధ భిక్షువులు వాననీరు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు. సముద్రం ఎదురుగా ఉండి కూడా వానచుక్క కోసం రాయి తొలిచారంటే తీపినీటి విలువ ఎంతో చూడండి. నేను వెళ్తున్న పని కూడా ఆ నీటి గురించే.

కిందటి జనవరిలో హార్బర్‌కు సబ్బులు తెచ్చినప్పుడు చేపలమ్మే అత్త ఒక మాట అంది. నాన్నను ఆమె తమ్ముడని పిలుస్తుంది, అందుకని నాకు అత్త. "కోడలా, నీ సబ్బు ఇంటికాడ బాగుంది. బోటు మీద మావోడికి అక్కరకి రానేదు. ఉప్పునీటికి ఇరిగిపోతన్నాది" అంది. బోటు మీద ట్యాంకులో తీపినీళ్లు తాగడానికి, వంటకే సరిపోతాయి. స్నానం సముద్రపు నీళ్లతోనే. ఆ నీళ్లలో మామూలు సబ్బు తెల్లటి ముద్దలై ఒంటికి అంటుకుంటుంది. ఆ మాట నన్ను ఇంటి దాకా వెంటాడింది.

రుషికొండ, పెద్దజాలరిపేట, ఆర్.కె. బీచ్, 2002 నుంచి ఒడ్డున నిలిచిన కురుసుర జలాంతర్గామి, ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. కోస్టల్ బ్యాటరీ మలుపు తిరిగాక గాలిలో డీజిల్, ఎండుచేప, తడి నైలాన్ తాళ్ల వాసన కలిసి వచ్చింది. అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ నీళ్లలోకి ముక్కు చాచి ఉంది. 1933లో తెరిచినప్పటి నుంచీ ఓడరేవును గాలివానల నుంచి కాస్తున్న కొండ అది.

మామూలు రోజుల్లో ఈ వేళకు హార్బర్‌లో వేలంపాట కేకలు హోరెత్తుతాయి. నిషేధం తీరే ముందురోజున వేరే సందడి. వందల బోట్లు పక్కపక్కనే ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. కొత్త రంగులు ఇంకా చేతికంటుతున్నాయి. ఐస్ దిమ్మెల్ని మరలో వేసి పొడి చేసి, గొట్టంతో బోటు అడుగు గదిలోకి వదులుతున్నారు. నీళ్ల డ్రమ్ములు, బియ్యం బస్తాలు, ఉల్లిపాయలు, వంటగ్యాసు ఒకటి వెనక ఒకటి ఎక్కుతున్నాయి. ఒక బోటు ముక్కు దగ్గర పసుపు, కుంకుమ, కొబ్బరికాయ చెక్కలు. ఇక్కడే 2023 నవంబరు 19 రాత్రి మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. అత్త వాళ్ల బోటు ఆ రోజు దూరంగా కట్టి ఉండబట్టి మిగిలింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఇప్పటికీ చేతులు జోడిస్తుంది.

అత్త వల రాశి మీద కూర్చుని ఉంది. "ఓలమ్మ, వచ్చీసినావా! మీ నాన్న బాగున్నాడేటి?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని నేను ఎప్పుడూ చూస్తూనే ఉన్నా, ఆ రోజు కళ్లు నిలిపి చూశాను. వేళ్ల మొదళ్లలో సన్నటి పగుళ్లు. చేప ముళ్లు గుచ్చుకున్న చోట నల్లని చుక్కలు. బొటనవేలి గోరు పక్కన ఐస్‌కు కొరుక్కుపోయి తెల్లబడిన చర్మం. ముప్పై ఏళ్లుగా మంచులోంచి చేప తీసి, ఉప్పు రాసి, బుట్టకెత్తిన చెయ్యి అది. "ఈ పగుళ్లు నీ సబ్బుకి మానిపోతాయేటి?" అని అడిగింది. మానవని చెప్పాను. మా సబ్బు మురికిని వదిలిస్తుంది, చర్మాన్ని మరీ ఎండబెట్టదు, అంతే. జబ్బు తగ్గిస్తుందని చెప్పి సబ్బు అమ్మకూడదు. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీకి లైసెన్సు తీసుకున్నాం. ఆ కాగితం లేకపోయినా ఈ మాట మాత్రం అబద్ధం చెప్పలేను. పగులు పుండైతే పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చర్మం డాక్టరుకి చూపించుకోమన్నాను.

నీచు వాసన సంగతి మాత్రం అత్తే నాకు నేర్పింది. పని అయ్యాక ముందు చింతపండు నీళ్లతో చేతులు రుద్దుకుని, ఆపైన సబ్బు రాస్తుంది. చేప నీచుకు మూలమైన ట్రైమిథైల్ అమైన్‌ది క్షారగుణం. పులుపు దాన్ని పట్టి కట్టేస్తుంది. సబ్బు కూడా క్షారమే గనక అది ఒక్కటే చాలదు. పుస్తకంలో ఇది చదవకముందే ఈ ఒడ్డున ఆడవాళ్లందరికీ తెలుసు.

బావ బోటు మీద నుంచి చెయ్యి ఊపాడు. అత్త కొడుకు, కళాసీ పని. తాడు కట్టిన బకెట్టు కిందికి వదిలి సముద్రపు నీళ్లు తోడాడు. ముందు మామూలు సబ్బు ఇచ్చాను. రెండు చేతుల మధ్య రుద్దాడు. అరచేతిలో తెల్లటి పెళ్లలు తేలాయి, పాలు విరిగినట్టే. అత్త అన్న మాట కళ్లారా చూశాను. ఉప్పు ఎక్కువైతే సబ్బు నీటిలో కరగకుండా విడిపోతుంది. సముద్రంలోని కాల్షియం, మెగ్నీషియం కూడా దాన్ని ముద్ద కట్టిస్తాయి.

ఇక కొత్తది. మామూలు సబ్బులో వేరుశెనగ నూనె, ఆముదం కలుపుతాం. ఇందులో కొబ్బరినూనె ఒక్కటే. కొబ్బరినూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం గొలుసు పొట్టిది. దాంతో అయిన సబ్బు ఉప్పునీటిలోనూ కరుగుతుంది. ఓడల మీద నావికులు వెనకటి నుంచీ కొబ్బరి సబ్బే వాడటానికి కారణమదే. కానీ ఒట్టి కొబ్బరి సబ్బు ఒంటి జిడ్డంతా లాగేసి చర్మాన్ని బిగదీస్తుంది. కిలో కొబ్బరినూనెకు 183 గ్రాముల కాస్టిక్ సోడా సరిగ్గా సరిపోతుంది. నేను 146 గ్రాములే వేశాను. అయిదో వంతు నూనె సబ్బు కాకుండా నూనెగానే మిగిలింది. నీళ్లకు బదులు అంతా గడ్డకట్టిన మేకపాలే. ఏప్రిల్ చివర్లో పోసిన అచ్చులు ఇప్పటికి ఆరు వారాలు ఆరాయి.

బావ సబ్బు తడిపి రుద్దాడు. కాసేపు ఏమీ లేదు. నా ఊపిరి ఆగినంత పనైంది. ఇంకో దోసెడు నీళ్లు పోసి మళ్లీ రుద్దాడు. వేళ్ల సందుల్లోంచి పల్చటి తెల్లటి నురగ మెల్లగా పైకి తేలింది. గుప్పెట తెరిస్తే నిలిచి ఉంది. మోచేతుల దాకా రాసి కడిగి, అత్త ముక్కు దగ్గర పెట్టాడు. "జిడ్డు పోనాది, అంటుకోనేదు" అంది అత్త. నాకు కళ్లు చెమర్చాయి. సముద్రపు నీళ్లని సరిపెట్టుకున్నాను.

బావ మాత్రం సబ్బుకేసి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. "నురగ బాగుంది గానీ, పాపా, ఇది బేగి అరిగిపోతాది. బోటు ఊపుకి జారి నీళ్లలో పడిపోతాది. అప్పుడేటి?" అన్నాడు. నిజమే. కొబ్బరి సబ్బు గబగబా కరుగుతుంది. నేను ఆరు వారాలు నూనె లెక్క గురించే ఆలోచించాను గానీ, ఊగే చెక్క మీద తడిచేతితో సబ్బు పట్టుకునే మనిషి గురించి ఆలోచించలేదు. బావ వల కోసే కత్తి తీసి, చిరిగిన పాతవల నుంచి జానెడు ముక్క కోశాడు. నైలాన్ దారంతో అంచులు కుట్టి చిన్న సంచీ చేసి, సబ్బు అందులో పెట్టి మూతి బిగించాడు. దానికో తాడు కట్టి క్యాబిన్ పక్కన మేకుకు తగిలించాడు. వలకన్నుల్లోంచి రుద్దితే నురగ ఇంకా ఎక్కువే వచ్చింది. సబ్బు నీళ్లలో నానదు, పడిపోదు, గాలికి ఆరిపోతుంది.

అంతా పావుగంట పని. నాకు మాత్రం ఒక బడిలో కూర్చున్నట్టే అనిపించింది. పన్నెండు సబ్బుల్లో ఎనిమిది నాలుగు బోట్లకు ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు. తిరిగొచ్చాక ఎలా ఉందో చెప్పమన్నాను. అత్త మామూలు సబ్బులు రెండు పెట్టెలూ తన పక్కవాళ్లకు పంచి పెట్టింది. లెక్క రాసుకోలేదు, పావలా తేడా రాలేదు. బయల్దేరుతుంటే బావ పాతవల ముక్కలు ఓ మూట కట్టి ఆటోలో పడేశాడు. చిరిగిన వలలు ఇక్కడ గుట్టలుగా ఉంటాయి, పారెయ్యడానికి చోటు కూడా ఉండదు.

మర్నాడు అర్ధరాత్రి నేను దొడ్డిలో ఉన్నాను. ఓ పొడుగుచెవుల మేక ఈనేలా ఉంది. హార్బర్ అంత దూరాన ఉంది, ఇంజన్ల మోత మా ఊరికి వినబడదు. అయినా పన్నెండు దాటగానే బయట నిలబడి ఆ దిక్కు చూశాను. వసారాలో నాన్న మేలుకునే ఉన్నాడు. "పలుపు తెచ్చావా?" అని అడిగాడు, ఎప్పటి అలవాటో. నేను వలముక్క ఒకటి తీసి ఆయన చేతికిచ్చాను. చీకట్లో వేళ్లతో తడిమి చూసి, కన్ను కన్నూ లెక్కపెట్టినట్టు జరిపి, లేచి వెళ్లి పలుపుల పక్కనే కొయ్యకు తగిలించాడు.