మెల్లగా పరిగెత్తండి బాబూ!

మన సాఫ్టువేరు జనాలకి ఒక జబ్బుంది. ఏం మొదలెట్టినా మొదటి వారమే గ్రాఫు పైకి పోవాలి. పరుగైనా అంతే. ఖరీదైన బూట్లు కొంటారు, చేతికి గడియారం కడతారు, సోమవారం మూడు కిలోమీటర్లు రొప్పుతూ రోజుతూ లాగిస్తారు. మంగళవారం అదే దూరంలో అర నిమిషం తగ్గించాలని చూస్తారు. నెల తిరక్కుండా మోకాలో, మడమో పట్టేస్తుంది. "పరుగు మన ఒంటికి పడదండీ" అని తేల్చేస్తారు. ఆ బూట్లేమో కూరగాయల మార్కెట్టుకి పనికొస్తాయి.

పడనిది పరుగు కాదు, తొందర అని నా అభిప్రాయం.

కొత్తగా పరిగెత్తేవాళ్ళకి గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. ఎముకలు, వాటిని కండరాలకి కట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. అంటే సర్వరు కొత్తది, వైరింగు పాతది. ఊపిరి "ఇంకాస్త" అంటున్నప్పుడే కాలు "ఇక చాలు" అంటుంది. వినాల్సింది కాలి మాట.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. న్యూజీలాండులో ఆర్థర్ లిడియార్డ్ అని ఒక కోచ్ ఉండేవాడు. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 800 మీటర్ల పందెగాడు పీటర్ స్నెల్ చేత కూడా ఆదివారాలు 35 కిలోమీటర్ల దాకా పరిగెత్తించేవాడు. ముందు నెలల తరబడి పునాది, ఆ తర్వాతే వేగం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు స్నెల్, ముర్రే హాల్‌బర్గ్ ఒకే రోజు రెండు స్వర్ణాలు కొట్టారు. మనకి ఆ దూరాలు అక్కర్లేదు, ఆ వరస చాలు.

ఇక లెక్క. అసలు పరిగెత్తలేనివాళ్ళకి 1996లో జోష్ క్లార్క్ రాసిన తొమ్మిది వారాల పద్ధతి ఉండనే ఉంది. వారానికి మూడు రోజులు, మొదటి వారం ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. ఆగకుండా అరగంట పరిగెత్తగలిగాక వారానికి నాలుగు రోజులు చెయ్యొచ్చు. మంగళవారం, శనివారం మెల్లగా అరగంట. గురువారం పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కాక ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు తాపీగా, అలా ఆరుసార్లు. ఆదివారం అన్నిటికన్నా ఎక్కువసేపు, వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ. ప్రతి నాలుగో వారం మొత్తం తగ్గించాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగండి.

మెల్లగా అంటే ఎంత? పక్కవాడితో పూర్తి వాక్యాల్లో కబుర్లు చెప్పగలిగేంత. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో వేగం ఇంకా పడిపోతుంది. అప్పుడు గడియారం చూడకండి, ఊపిరిని చూసుకోండి.

చదవడానికి సులువే, చెయ్యడమే కష్టం. కేబీఆర్ పార్కు దగ్గర అరవై దాటిన పెద్దాయన మంకీ క్యాపు పెట్టుకుని మనల్ని దాటిపోతుంటే అహం ఊరుకోదు. పైగా రెండు వారాలపాటు సాగే స్ప్రింటు మన ఆఫీసుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండదు. అది అవ్వగానే ఇంకో స్ప్రింటు. అలసటే పని అనుకోవడం అక్కడే అలవాటయింది. నిజానికి ఒళ్ళు బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, తర్వాత తిని పడుకున్నప్పుడు. సెలవు రోజు కూడా శిక్షణలో భాగమే.

మా నాన్నకీ బాబాయికీ యాభై దాటకుండానే షుగరొచ్చింది. నాకు నలభై దాటాయి. రెండేళ్ళుగా ఇదే లెక్కతో పోతున్నాను. మొదట్లో కబుర్లు చెప్తూ కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు పట్టేది, ఇప్పుడు అవే కబుర్లతో ఏడు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పతకం మెడలో పడితే సంతోషమే. కానీ నాకు అసలు కావలసింది ఆ మంకీ క్యాపు పెద్దాయన వయసులో ఇంకొకళ్ళని దాటిపోవడం. దానికి ఇంకా ఇరవయ్యేళ్ళుంది. ఇవాళే తొందరపడి ఏం చేస్తాం చెప్పండి?